ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం, ప్రార్థనలో నోరు విప్పని బాబు

ప్రశ్న: పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక తల్లి

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మాది పాలకొల్లుకు దగ్గరలోని ఒక ఊరు. మా వారు రొయ్యల చెరువుల మీద పని చూస్తారు. రాత్రిపూట చెరువు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కనుక నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా కనిపెట్టుకొని ఉండాలి, కరెంటు పోయిన వెంటనే జనరేటరు వేయాలి. అందువల్ల పంట ఉన్న నెలల్లో ఆయన రాత్రంతా గట్టు మీదే ఉండి, ఉదయం ఏడు గంటలకు ఇల్లు చేరుతారు. పిల్లలను చదివించడం, వారి మంచిచెడ్డలు చూడడం, రాత్రి కుటుంబ ప్రార్థన జరిపించడం దాదాపుగా నా బాధ్యతలే. ఇంట్లో మా అత్తగారు కూడా ఉంటారు. బాబు ఏడవ తరగతి, పాప నాలుగవ తరగతి.

పోయిన నెలలో బాబుకు లెక్కల పరీక్షలో 25కు 7 మార్కులు వచ్చాయి. ఆ సంగతి మాకు చెప్పకుండా, ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ల నాన్న సంతకం వాడే పెట్టి బడిలో ఇచ్చేశాడు. టీచరు గుర్తుపట్టి నాకు ఫోను చేశారు. మార్కులకంటే ఆ సంతకం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఆ రాత్రి ప్రార్థన సమయంలో, అత్తగారి ముందు, చెల్లెలి ముందు వాడిని నిలబెట్టి, బైబిలులోని సామెతల గ్రంథం 12వ అధ్యాయంలోని ‘అబద్ధమాడు పెదవులు యెహోవాకు హేయములు’ అన్న మాట మూడుసార్లు గట్టిగా చదివించాను. నీవు చేసే ప్రతి పనీ దేవుడు చూస్తున్నాడని, నీలాంటివాడంటే ఆయనకు అసహ్యమని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ రాత్రి నుంచి వాడు ప్రార్థనకు వచ్చి కూర్చుంటాడు, కాని నోరు విప్పడు. అంతకు ముందు పాట ఎత్తుకునేది వాడే. తన వంతు వస్తే “చెల్లి చేస్తుంది” అంటాడు. నాలుగు రోజుల కిందట దగ్గర కూర్చోబెట్టుకొని, ఎందుకు ఇలా ఉన్నావని అడిగితే, “ప్రార్థనంటే నన్ను తిట్టడమే కదమ్మా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీనికి తోడు, ఈ నెల నుంచి వాళ్ల బడిలో ఏడవ తరగతి మొదలుకొని పై తరగతుల వారికి ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు స్టడీ అవర్స్ పెట్టారు. మా సంఘంలో సండే స్కూలూ ఆరాధనా జరిగేది సరిగ్గా ఆ వేళలోనే. నేను బడివారితో పోట్లాడడానికి సిద్ధపడుతుంటే, బాబు తానుగా “నేను స్టడీ అవర్సుకే వెళతాను” అంటున్నాడు. ఆ మాట నాకు కత్తిలా తగిలింది.

వాడు చేసిన తప్పును నేను ఊరికే వదిలిపెట్టలేను. అలాగని దేవుని మీద వాడికి విరక్తి కలిగేలా చేసిన దోషం నా మీద ఉండకూడదు. అబద్ధాన్ని ఎలా సరిదిద్దాలి? ఆదివారం సంగతి ఏం చేయాలి? పెద్దలు, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: అమలాపురం ప్రాంతం నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారు

అమ్మా, వందనాలు. ముప్పయి ఏళ్లకు పైగా బడిలో లెక్కలు, ఆదివారాల్లో సండే స్కూలు పాఠాలు చెప్పినవాడిని కనుక ఈ రెండు వైపుల నుంచీ నాకు తోచినది చెబుతాను.

మొదట మీరు చదివించిన వాక్యం సంగతి. ఆ వచనానికి రెండవ సగం ఉంది: ‘సత్యవర్తనులు ఆయనకిష్టులు’. బాబు చేత మూడుసార్లు చదివించినది మొదటి సగమే. అంటే తలుపు మూయడం మాత్రమే వాడు విన్నాడు, తెరవడం వినలేదు. పైగా ఆ వచనం హేయమన్నది అబద్ధమాడే పెదవులను. బాబు విన్నది తానే హేయుడినని. పన్నెండేళ్ల పిల్లవాడు ఈ రెంటి మధ్య భేదాన్ని తనంతట తాను తెలుసుకోలేడు, మనమే చెప్పాలి.

ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం 4వ వచనంలో తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞ మన తెలుగు బైబిలులో ‘శిక్షలోను బోధలోను’ పెంచమని ఉంది. శిక్ష అనగానే ఈనాటి తెలుగువారికి దెబ్బ, దండన గుర్తుకొస్తాయి. కాని శిక్ష అన్న మాటకు మొదటి అర్థం నేర్పడమే. శిక్షణ, శిక్షకుడు అన్న మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. మూలమైన గ్రీకులో అక్కడున్న మాట ‘పైదేయా’. పిల్లవాడిని పెంచి, నేర్పి, దిద్ది మనిషిని చేసే పని మొత్తం ఆ మాటలో ఇమిడి ఉంది. దిద్దడం అందులో ఒక భాగం మాత్రమే. ఆ ఆజ్ఞకు ముందు ‘కోపము రేపక’ అన్న షరతు ఉందని కూడా గమనించండి. కొలొస్సీ పత్రికలో ఇదే ఆజ్ఞకు కారణం కూడా చెప్పబడింది: పిల్లల మనస్సు క్రుంగకూడదని. మీ బాబు మౌనం నాకు మొండితనంగా కాక, ఆ క్రుంగుబాటుగానే కనిపిస్తున్నది.

ఇక చేయవలసిన పని. తప్పును సరిదిద్దే చోటు, ప్రార్థన చేసే చోటు వేరు చేయండి. సంతకం విషయంలో వాడు ఎవరికి అన్యాయం చేశాడు? ఆ సంతకం ఎవరిదో ఆ తండ్రికి, దాన్ని నమ్మిన టీచరుకు. కనుక వాడు సరిచేయవలసింది అక్కడ. ఒక ఉదయం మీ వారు చెరువు నుంచి వచ్చాక, మీరూ అత్తగారూ పక్కకు తప్పుకొని, తండ్రీకొడుకులను మాత్రమే కూర్చోనివ్వండి. తాను చేసినది వాడి నోటితో వాడే చెప్పాలి. తరువాత తండ్రి వెంట వెళ్లి టీచరుతో కూడా చెప్పాలి. ఇది పిల్లవాడికి తేలిక కాదు, నిలబెట్టి వచనం చదివించడంకంటే కష్టమైనదే. కాని ఇందులో వాడు చేయగలిగిన పని ఒకటి ఉంది, ముగింపు కూడా ఉంది. టీచరు క్షమించాక, తండ్రి క్షమించాక, ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు. అత్తగారికి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇంకొక మాట కొంచెం కష్టంగానే ఉంటుంది. దేవునికి నీవంటే అసహ్యమని మీరు అన్నారు. అది సత్యం కాదు. ఆ రాత్రి మీ ఇంట్లో సత్యం కాని మాట రెండు చోట్ల ఉందన్నమాట. ఒకటి కార్డు మీద, రెండవది మీ నోట. వాడి తప్పు వాడు ఒప్పుకోవడానికి ముందే మీ తప్పు మీరు వాడి దగ్గర ఒప్పుకోండి. చెల్లెలి ముందు అన్నారు కనుక చెల్లెలి ముందే ఒప్పుకోండి. తల్లి పిల్లవాడిని క్షమాపణ అడిగితే పెద్దరికం పోతుందని మన ప్రాంతంలో చాలామంది అనుకుంటారు. ఒప్పుకోవడం ఎలాగో ఇంట్లో చూడని పిల్లవాడు ఎక్కడ నేర్చుకుంటాడమ్మా?

లెక్కల సంగతి కూడా వదలకూడదు. 7 మార్కులు వచ్చాయంటే ఎక్కడో ఒక మెట్టు తప్పిపోయింది. ఏడవ తరగతిలో పిల్లలు ఎక్కువగా పడిపోయేది రుణ సంఖ్యల దగ్గర, భిన్నాల దగ్గర. మీ వారి చెరువు లెక్కల పుస్తకం తీయండి. మేత కొట్టులో ఉన్న అప్పు రుణ సంఖ్య, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మినప్పుడు, వచ్చిన సొమ్ము ధన సంఖ్య. అప్పు మీద అప్పు చేరితే ఏమవుతుందో, సగం తీర్చితే ఎంత మిగులుతుందో తండ్రి చెబితే వాడికి వారం రోజుల్లో అర్థమవుతుంది. లెక్క రాక భయపడ్డాడు, భయపడి దాచాడు, దాచడానికి సంతకం పెట్టాడు. చివరి దాన్ని మాత్రమే దండించి మొదటి దాన్ని అలాగే ఉంచితే మళ్లీ అదే జరుగుతుంది.

జవాబు 2: భీమవరం నుంచి ఒక తండ్రి

మాస్టారు గారి మీద గౌరవంతోనే ఒక మాట భిన్నంగా చెబుతున్నాను. బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి అని సామెతల గ్రంథమే చెబుతున్నది. నా తండ్రి నన్ను కొట్టి పెంచారు, నేను చెడిపోలేదు. ఈనాటి పిల్లలకు భయమన్నది లేదు, తల్లిదండ్రులే వారికి భయపడుతున్నారు. యాజకుడైన ఏలీ తన కుమారులను అడ్డగించనందుకు ఆ ఇంటి మీదికి దేవుని తీర్పు వచ్చిందని మనకు తెలుసు. ఆ సహోదరి కోపంలో నాలుగు మాటలు అన్నది నిజమే, కాని పన్నెండేళ్లకే తండ్రి సంతకం పెట్టినవాడి విషయంలో మెత్తబడితే పద్దెనిమిదేళ్లకు ఏం చేస్తాడో ఆలోచించాలి.

జవాబు 3: విశ్రాంత లెక్కల మాస్టారు

తమ్ముడూ, మీ ఆందోళన నాకు అర్థమైంది. ఊరికే వదిలేయమని నేను అనలేదు. అయితే ఏలీ కుమారుల కథ మళ్లీ ఒకసారి చదవండి. వారు పిల్లలు కారు, యాజకత్వం చేస్తున్న పెద్దవాళ్లు, ప్రజలు తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కున్నవాళ్లు. అధికారంలో ఉన్న పెద్దవారిని అడ్డగించని తండ్రి కథను ఏడవ తరగతి పిల్లవాడికి కొలతబద్దగా పెట్టకూడదు. బెత్తం అని సామెతల్లో ఉన్న హెబ్రీ మాటే 23వ కీర్తనలో కాపరి చేతి కర్రకు కూడా వాడారు, ఆ కర్ర తనను ఆదరిస్తుందని దావీదు అంటాడు. కాపరి కర్ర గొర్రెను దారికి మళ్లిస్తుంది, తోడేలును తరుముతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను కొట్టాను. ఆ రోజుల్లో అది మాస్టారి హక్కని అందరూ అనుకునేవారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది, అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం రాకముందే నేను మానుకున్నాను. నా చేతిలో కర్ర కనిపించినంత కాలం పిల్లలు చేసింది ఒక్కటే, తమకు రాని లెక్కను నాకు కనిపించకుండా పక్కవాడి పుస్తకంలో చూసి రాయడం. నా కర్ర వారికి లెక్కలు నేర్పలేదు, దాచడం నేర్పింది. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు తాతలవుతున్నారు, కనిపిస్తే నమస్కారం పెడతారు, నాకు మాత్రం ఆ రోజులు గుర్తుకొచ్చి బాధగానే ఉంటుంది.

జవాబు 4: కువైట్ నుంచి ఒక తండ్రి, సొంతూరు రాజోలు దగ్గర

సహోదరికి వందనాలు. నేను ఎనిమిదేళ్లుగా కువైట్‌లో పని చేస్తున్నాను. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి, తల్లితోనూ అమ్మమ్మతోనూ ఊళ్లోనే ఉంటుంది. మీ బాబు అన్న మాట చదివినప్పుడు మా అమ్మాయి గుర్తుకొచ్చింది.

ఇక్కడి గడియారం మన గడియారానికి రెండున్నర గంటలు వెనుక. నేను పని ముగించి గదికి వచ్చేసరికి ఇక్కడ ఆరు, అక్కడ ఎనిమిదిన్నర. రోజూ ఆ వేళకు ఫోను చేసి, పాప చేత ఒక వచనం చెప్పించుకొని, ప్రార్థన చేసి పెట్టేసేవాడిని. వచనం తరువాత నా మొదటి ప్రశ్న ‘ఎన్ని మార్కులు?’ నా ప్రార్థన కూడా అదే. ఈ బిడ్డకు బుద్ధి దయచేయండి, నిర్లక్ష్యం తొలగించండి అని బిడ్డ వింటుండగానే దేవునితో చెప్పేవాడిని. దేవునితో మాట్లాడుతున్నట్లుగా నేను నిజానికి బిడ్డను మందలిస్తున్నాను. కొన్నాళ్లకు పాప ఫోను తీయడం మానేసి అమ్మకు ఇచ్చేయడం మొదలుపెట్టింది. నిద్రపోయిందని, స్నానం చేస్తోందని ఏదో ఒకటి చెప్పేవారు. పరాయి దేశంలో ఉన్నవాడికి ఆ పది నిమిషాలే సంసారం. అవి కూడా పోయాయి.

నా భార్య ఒకరోజు మెల్లగా చెప్పింది, “మీరు దేవుడి పేరు చెప్పి దాన్ని తిడుతున్నారండీ” అని. మీ బాబు అన్నది, ఆవిడ అన్నది ఒకటే మాట.

తరువాత నేను చేసింది పెద్ద విషయమేమీ కాదు. మార్కుల మాట శనివారానికి మాత్రమే ఉంచుకున్నాను. మిగతా రోజుల్లో ఏం తిన్నావు, బడిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు, కాలువలో నీళ్లు వదిలారా అని అడిగేవాడిని. నేను పదవ తరగతి లెక్కల్లో తప్పి, ఆ సంగతి మా నాన్నకు వారం రోజులు చెప్పలేక కొబ్బరి తోటలో కూర్చొని వచ్చేవాడినని ఒకరోజు పాపకు చెప్పాను. ఆ రోజు మొదటిసారి తనకు తానుగా నన్ను ప్రశ్నలు వేసింది. ఇప్పుడు ప్రార్థనలో దాని కోసం నేను కృతజ్ఞత మాత్రమే చెబుతాను. దాని లోపాల సంగతి దేవునితో చెప్పవలసి వస్తే, ఫోను పెట్టేశాక ఒంటరిగా చెబుతాను. ఈ ఒక్క నియమం మీరూ పెట్టుకుంటే మేలని నా మనవి.

ఆదివారం సంగతి. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం, ఆదివారం పనిదినం. అందువల్ల మా తెలుగువారంతా శుక్రవారం ఉదయమే ఆరాధనకు కూడుకుంటాం. రోజు మారినంత మాత్రాన ఆరాధన తగ్గదని ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. కాని ఆ శుక్రవారం కూడా డ్యూటీలకు పోయి, ఒక నెల, రెండు నెలలు మానేసినవారు తిరిగి రావడానికి ఎంత కష్టపడతారో కూడా చూస్తున్నాను. కనుక వేళ మార్చుకోవచ్చు, మానుకోవడం మాత్రం మంచిది కాదు. మీరు బడికి వెళ్లి అడగండి, అయితే బాబును వెంట తీసుకుపోయి వాడి ఎదుట పోట్లాడకండి. నా ఊహ ఏమిటంటే, వాడు స్టడీ అవర్సు కోరుకోవడం లేదు. వాడిని నిలబెట్టిన చోటికి పోలికగా ఉన్న ప్రతి చోటి నుంచీ తప్పుకుంటున్నాడు, అంతే.

జవాబు 5: నరసాపురం నుంచి ఒక సండే స్కూలు ఉపాధ్యాయిని

అక్కా, ఒక్క విషయం చేర్చాలని రాస్తున్నాను. పంతొమ్మిదవ శతాబ్దంలో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు మా నరసాపురం వచ్చిన నాటి నుంచి లెక్కవేస్తే ఈ డెల్టాలో కొన్ని కుటుంబాలు ఐదారు తరాలుగా క్రైస్తవులు. అలాంటి ఇళ్ల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. పాటలన్నీ వచ్చు, కంఠత వాక్యాల పోటీలో బహుమతులన్నీ వారివే. కాని తమ సొంత మాటతో రెండు వాక్యాలు ప్రార్థన చేయమంటే పెద్దల ప్రార్థనను అప్పజెబుతారు. మీ బాబు మౌనంగా కూర్చోవడం చూసి భయపడకండి. అప్పజెప్పడం మానేశాడంటే లోపల ఏదో నిజంగా ఆలోచిస్తున్నాడు. కొన్నాళ్లు వాడిని అడగవద్దు, వంతు కూడా వేయవద్దు. వాడు వింటూ కూర్చుంటే చాలు.

సంసోను తండ్రి మానోహ, బిడ్డ పుట్టకముందే, వాడిని ఎలా పెంచాలో మాకు నేర్పడానికి దైవజనుడిని మళ్లీ పంపమని దేవుని వేడుకున్నాడని న్యాయాధిపతుల గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది. పిల్లవాడిని మార్చమని కాదు, తమకు నేర్పమని ఆ తండ్రి అడిగాడు. ఈ నెల మా తల్లుల కూడికలో అదే చదువుకుంటున్నాం. మీకు వీలైతే రండి.

ఆదివారం గురించి మా సంఘంలో చేసినది చెబుతాను. మూడు బడుల్లో ఇదే సమస్య వచ్చినప్పుడు, ఒక్కొక్క తల్లీ విడివిడిగా వెళ్లకుండా ఏడెనిమిది మంది తల్లిదండ్రులు కలిసి, ఉత్తరం రాసి, మర్యాదగా మాట్లాడారు. రెండు బడులు మధ్యాహ్నం వేళకు మార్చాయి. మూడవ బడి ఒప్పుకోలేదు. ఆ పిల్లలకు మేము శనివారం సాయంత్రం తరగతి పెట్టాం.

ప్రశ్న అడిగిన తల్లి, పదహారు రోజుల తరువాత

అందరికీ వందనాలు. రాయడం ఆలస్యమైనందుకు మన్నించండి, చెరువు పట్టుబడి పనుల్లో ఉన్నాం.

మాస్టారు గారు చెప్పినట్లు, మరుసటి రాత్రే పాప ముందు, అత్తగారి ముందు బాబుతో చెప్పాను. దేవునికి నీవంటే అసహ్యమని నేను అన్న మాట అబద్ధం, అలా అన్నందుకు నన్ను క్షమించమని అడిగాను. వాడు ఏమీ అనలేదు, దుప్పటి కప్పుకొని అటు తిరిగి పడుకున్నాడు. అత్తగారికి ఇది నచ్చలేదు, రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తరువాత ఆవిడే బాబుకు తల దువ్వుతూ, మీ నాన్న కూడా చిన్నప్పుడు సంతకాలు పెట్టినవాడేరా అని చెప్పారట. ఆ సంగతి నాకు పెళ్లయి పద్నాలుగేళ్లయినా తెలియదు.

తండ్రీకొడుకులు ఒక ఉదయం మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఇద్దరూ వెళ్లి టీచరుతో కూడా చెప్పి వచ్చారు. మేత అప్పుల పుస్తకంతో లెక్కలు మొదలయ్యాయి. అప్పు మీద అప్పు ఎందుకు తీసివేత కాదో నాకు కూడా ఇప్పుడే అర్థమైంది. మేము నలుగురు తల్లిదండ్రులం కలిసి బడికి వెళ్లి అడిగాం, ఆలోచించి చెబుతామన్నారు. అంతవరకు బాబు శనివారం సాయంత్రం మా ఊరి పాస్టరమ్మగారి దగ్గరకు వెళుతున్నాడు, తానుగా కాదు, చెల్లిని సైకిలు మీద దింపడానికి. దింపి, బయట అరుగు మీద కూర్చుంటున్నాడట.

ప్రార్థనలో ఇంకా నోరు విప్పలేదు. నేను వంతు వేయడం మానేశాను.

నిన్న నెల పరీక్ష కార్డు వచ్చింది. లెక్కల్లో 25కు 11. బడి సంచి దించకుండానే కార్డు నా చేతికిచ్చి, “నాన్న వచ్చేదాకా ఉంచనా, నువ్వే పెడతావా సంతకం?” అని అడిగాడు. నాన్న చేతే పెట్టిద్దామన్నాను. ఈ ఉదయం ఆయన గట్టు మీద నుంచి వచ్చేసరికి, వాడు కార్డూ పెన్నూ పట్టుకొని వీధి అరుగు మీద కూర్చొని ఉన్నాడు.